అయిదూళ్ళ బేరం

కిందటి సంవత్సరం బి.ఏ. విద్యార్థులకు ఉద్యోగపర్వం పాఠం చెబుతున్నాను. ధర్మరాజు సంజయునితో తన కోరిక చెప్పి పంపే ఘట్టం. రాజ్యభాగం ఇవ్వటం దుర్యోధనునికి బొత్తిగా ఇష్టం లేకపోతే అయిదుగురు అన్నదమ్ములకూ అయిదూళ్ళు ఇచ్చినా చాలునంటాడు ధర్మరాజు. సంస్కృత మూలంలో ఆ అయిదింటిలో నాలుగింటికే పేర్లున్నాయనీ, అయిదోది ఏదో ఒకటి అని మాత్రమే ఉన్నదనీ చెప్పాను. ధర్మరాజు శాంతికాముకత్వాన్ని గురించి మా పంతుళ్ళందరం ఏటా చెప్పే నాలుగు మాటలు కూడా చెప్పి పుస్తకం మూయబోతున్నాను. వెనుక బెంచీలో ఒక అమ్మాయి లేచింది. కూనవరం వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కోయ అమ్మాయి. అంతవరకు తరగతిలో నోరు విప్పి ఎరుగదు.

"ఆ అయిదో ఊరివాళ్ళను ఎవరైనా అడిగారా సార్?"

క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను. "అది రాజుల కథమ్మా. ఊళ్ళను అడిగే కాలం కాదు" అన్నాను. ఆమె కూర్చున్నది. గంట కొట్టారు. మెట్లు దిగుతుండగా నాకు నా నవ్వు గుర్తుకు వచ్చింది. ఆమె పుట్టిన ఊరు పోలవరం ముంపు జాబితాలో ఉన్న ఊరు. 2014లో ఆమె చిన్నపిల్లగా ఉండగా ఆ ఊరు ఒక రాష్ట్రం నుంచి ఇంకొక రాష్ట్రానికి మారింది. ఆ ఊరివాళ్ళను ఎవరూ అడగలేదు.

ఈ వ్యాసం ఆ అమ్మాయికి ఆనాడు నేను ఇవ్వలేకపోయిన జవాబు. జవాబు పూర్తిగా దొరికిందని చెప్పను. తిరుగుబాటు జరిగి, కత్తులు దించి, రెండు పక్షాలూ ఒక చోట కూర్చున్నప్పుడు ఎవరి సొత్తును ఎవరు వదులుకోవచ్చు అన్నది ప్రశ్న. మన అభ్యుదయ సాహిత్యం తిరుగుబాట్లను గురించి చాలా రాసింది. తిరుగుబాటు మర్నాటిని గురించి చాలా తక్కువ రాసింది. మర్నాడు కవిత్వానికి లొంగదు కాబోలు.

ముందు భారతం సంగతే చూద్దాము. బేరం దృష్టితో చూస్తే ధర్మరాజు మాట అంత అమాయకమైనదేమీ కాదు. సగం రాజ్యానికి హక్కున్నవాడు అయిదూళ్ళకు దిగాడంటే, వెనుక బలం లేకపోతే అది యాచన. వెనుక ఏడు అక్షౌహిణులు ఉంటే అది ఉచ్చు. ఎదుటివాడు ఆ కాస్త కూడా ఇవ్వనన్నాడో, అతని పక్షాన నిలబడ్డ రాజుల ముందు అతని న్యాయమంతా జారిపోతుంది. దుర్యోధనుడు ఆ ఉచ్చులోనే పడ్డాడు. సూది మొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నాడు. బేరంలో బలం మాటల్లో ఉండదు. మాటలు విఫలమైతే తరువాత ఏమి జరుగుతుందన్న భయంలో ఉంటుంది. ఈ మాట మా భద్రాచలం అడవిలో సంతకు వెళ్ళే ఏ ముసలామెకైనా తెలుసు. చింతపండు గంప నెత్తిన పెట్టుకుని తెల్లవారుజామున బయలుదేరి అయిదు కోసులు నడిచి వస్తుంది. షావుకారు ఉదయం ఆమెవైపు చూడనే చూడడు. పొద్దువాలే దాకా ఆగుతాడు. గంప తిరిగి మోసుకుపోలేదని అతనికి తెలుసు, చీకటి పడకముందే అడవి దాటాలని ఆమెకు తెలుసు. ధరను నిర్ణయించేది చింతపండు నాణ్యత కాదు, ఇంటికి ఉన్న దూరం.

భారతంలో రాయబారానికి ముందు అందరూ తమ తమ అభిప్రాయాలు చెబుతారు. సంధి అయితే తన లెక్క ఎక్కడ జమ అవుతుందని అడిగింది మాత్రం ద్రౌపది. జుట్టు చేత పట్టుకుని కృష్ణుని ముందు నిలబడింది. అవమానం ఆమెది, దాన్ని మాఫీ చేసి రాజీపడే అధికారం భర్తలదా అని నిలదీసింది. విమర్శకులు దీన్ని రౌద్రానికి ఉదాహరణగా చూపిస్తారు. నాకు ఇది న్యాయశాస్త్రపు ప్రశ్నగా కనబడుతుంది. అయితే ద్రౌపది అయినా అయిదూళ్ళవాళ్ళ మాట ఎత్తలేదు. పేరున్న నాలుగింటిలో ఒకటి వారణావతం. అక్కడే లక్క ఇంటిలో పాండవులకు బదులుగా ఒక నిషాద స్త్రీ, ఆమె అయిదుగురు కొడుకులు కాలిపోయారు. వాళ్ళకు కథలో పేర్లు లేవు. ఆ ఊరు పాండవుల పాలికి వచ్చి ఉంటే ఆ నిషాద స్త్రీ చుట్టాలు వాళ్ళకు ఏమని స్వాగతం చెప్పి ఉండేవారో!

ఇక మన నేలకు వద్దాము.

నేడు కూనవరం, వరరామచంద్రపురం మండలాలున్న ప్రాంతంలో రేఖపల్లి అనే ఊరు ఉన్నది. 1874లో ఈ రేఖపల్లి, భద్రాచలం ప్రాంతాలను మధ్యపరగణాల నుంచి తీసి మద్రాసు రాజధానిలో కలిపారు. (ఈ ఊళ్ళు చేతులు మారటం కొత్త కాదని చెప్పటానికే ఈ సంవత్సరం ఇస్తున్నాను.) కొత్త ప్రభుత్వం పోడు మీద పన్ను పెంచింది, కొన్ని కొండలను పోడుకు మూసివేసింది. 1879 మార్చిలో రంప దేశంలో తిరుగుబాటు లేచింది. అక్కడ కల్లు మీద పన్నూ, మన్సబుదారు దోపిడీ, పితూరీకి నిప్పు పెట్టాయి. ఆ ఏడాదిలోనే అది రేఖపల్లికి కూడా పాకింది. అణచటానికి సైన్యం రావలసివచ్చింది.

అణచిన తరువాత ప్రభుత్వం ఏమి చేసిందన్నది మనకు ముఖ్యం. మన్సబుదారును తొలగించింది. ఆ కింద ఉన్న ముఠాదార్లకు నేరుగా సనదులిచ్చి, మీ మీ ముఠాలలో శాంతిని కాపాడే బాధ్యత మీదేనన్నది. చూడటానికి ఇది తిరుగుబాటుకు దక్కిన విజయం. తిరుగుబాటు ఎవరి మీద లేచిందో ఆ మన్సబుదారు పోయాడు. పితూరీకి ముందు నిలబడ్డ ముఠాదార్ల తరగతికి హక్కుపత్రాలు వచ్చాయి. కాని కొండ నరికి గింజ చల్లేవాడికి, కల్లు గీసుకునేవాడికి పత్రం రాలేదు. అతనికి దొరికింది మన్సబుదారుకు బదులు ముఠాదారు. ప్రభుత్వం బేరం గెలిచింది ధర దగ్గర కాదు, ఎదుట ఎవరిని కూర్చోబెట్టాలో నిర్ణయించుకోవటం దగ్గర. సగం బేరం అక్కడే తేలిపోతుంది. ఆ ముఠాదారీ వ్యవస్థ రద్దు కావటానికి 1969 నాటి రెగ్యులేషన్ దాకా ఆగవలసివచ్చింది. ఆలోగా 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మన్యం మళ్ళీ లేచింది. రాజు వెంట నడిచిన గాం గంటందొర, మల్లుదొరల కథ చదివినవారికి, 1880లో చేసిన ఒప్పందం ఎంత గుల్లదో వేరే చెప్పనక్కరలేదు.

ఇది పరాయి ప్రభుత్వపు కుటిలనీతి అని సులభంగా అనవచ్చు. మనవాళ్ళు మన పేరున చేసిన బేరాన్ని చూడటం అంతకంటె కష్టం. తెలంగాణా సాయుధ పోరాట విరమణను గురించి ఈ మాట అంటున్నాను.

ఆ చరిత్ర మన పాఠకులకు కొత్త కాదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపు ఇచ్చారు. పార్టీ చెప్పుకున్న లెక్క ప్రకారం మూడువేల గ్రామాలు విముక్తమై, పదిలక్షల ఎకరాలు పంచబడ్డాయి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది. దానివెంట పారిపోయిన దొరలూ వచ్చారు. దళాలు కొన్ని నల్లమలకు, కొన్ని గోదావరి అడవులకు, అనగా మా పాల్వంచ, ఇల్లెందు, బూర్గంపాడు ప్రాంతాలకు తరలాయి. 1951 అక్టోబరు 21న విరమణ ప్రకటన వెలువడింది. ప్రభుత్వంతో సంతకాలు చేసిన ఒప్పందం ఏదీ లేదు.

విరమణ తప్పా ఒప్పా అన్న చర్చ డెబ్బయి ఏళ్ళుగా నడుస్తూనే ఉన్నది. సైన్యం వచ్చిన మర్నాడే ఆపవలసిందన్నది రావి నారాయణరెడ్డి వాదన. ఆపటమే ద్రోహమన్నది దేవులపల్లి వెంకటేశ్వరరావు వాదన. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన బృహద్గ్రంథంలో పోరాటాన్నీ, విరమణకు దారితీసిన పరిస్థితులనూ వివరించారు. ముగ్గురూ ప్రాణాలకు తెగించినవారు; వారి నిజాయితీని ప్రశ్నించే అర్హత నాకు లేదు. కాని ఈ చర్చ అంతా ఎప్పుడు ఆపాలి అన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. ఆపినప్పుడు ఎవరిది వదిలారు అన్నది పక్కకు పోయింది.

1951 నాటికి బలాబలాలు ఎలా ఉన్నాయో ఆలోచించండి. ప్రభుత్వం చేతిలో వేలాది ఖైదీలు ఉన్నారు, వారిలో ఉరిశిక్ష పడ్డవారు ఉన్నారు. ప్రతి ఖైదీ ప్రభుత్వానికి ఒక బేరపు నాణెం. సాధారణ ఎన్నికలు ముంచుకొస్తున్నాయి. చట్టబద్ధతకు రావాలన్న తొందర పార్టీకి ఉన్నది. ఆ సంవత్సరమే అజయ్ ఘోష్, డాంగే, రాజేశ్వరరావు, బసవపున్నయ్యలు మాస్కో వెళ్ళి స్టాలిన్‌తో మాట్లాడి వచ్చారు. ఇది ఒక వైపు. రెండో వైపు ప్రభుత్వానికీ తొందర లేకపోలేదు. పంచిన భూమిలో పైరు నిలబడి ఉన్నది. ప్రతి చెలక గట్టు మీదా ఒక పోలీసును నిలబెట్టగల సర్కారు భూమి మీద లేదు. ఆ భయం నుంచే 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు వచ్చింది, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వినోబా ఎదుట నూరెకరాలు దానం ప్రకటించాడు. హరిజనులు అడిగింది ఎనభై ఎకరాలే. అడిగినదానికంటె ఎక్కువ ఇచ్చే దాతలు ఎప్పుడు పుడతారు? పక్క ఊళ్ళో అడగకుండా తీసుకున్నవాళ్ళు ఉన్నప్పుడు పుడతారు. దాత మనసు మంచిదే కావచ్చు, కాదనను.

పాలకులు ఇవ్వదలచుకున్నదాన్ని ఎప్పుడూ ఒప్పందంగా ఇవ్వరు, చట్టంగానో దానంగానో ఇస్తారు. ఒప్పందం చేసుకుంటే ఎదుట ఒక పక్షం ఉన్నదని ఒప్పుకున్నట్లవుతుంది. దానం చేస్తే పుచ్చుకునేవాడు మాత్రమే ఉంటాడు. ఒప్పందం తప్పితే తప్పావని నిలదీయవచ్చు. దానం తగ్గితే ఏమని అడుగుతాము? 1950 చట్టం కింద రక్షిత కౌలుదార్లయినవారిలో ఎందరో కొద్ది ఏళ్ళలోనే భూమి నుంచి తొలగిపోయారని ఎ.ఎం. ఖుస్రో 1958లో ప్రచురించిన అధ్యయనం చూపింది. బలవంతాన తోసినవారు కొందరు, తామే వదులుకున్నామని వేలిముద్ర వేసినవారు కొందరు. ఆ స్వచ్ఛందం ఎటువంటిదో చింతపండు గంప మోసిన ముసలామెను అడగాలి.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పకుండా ముందుకు పోలేను.

మా తాత ఇల్లెందు అడవి అంచు ఊరివాడు. 1948లో పద్ధెనిమిదేళ్ళవాడు. దళానికి ఉత్తరాలు మోసేవాడు. ఊళ్ళో పంచిన బంజరులో మా వాళ్ళకు రెండెకరాలు వచ్చింది. సైన్యం వచ్చాక అతను అడవిలోకి వెళ్ళి రెండు వానకాలాలు ఒక కోయగూడెం అండన బతికాడు. జొన్న అంబలి వాళ్ళే పోశారు, జ్వరం వస్తే వాళ్ళే మోశారు. 1950లో ఆ గూడేన్ని మొత్తంగా లేపి రోడ్డు పక్క క్యాంపులోకి తోలారు. దళాలకు తిండి అందకుండా చేయటానికి గోదావరి అడవుల్లో చాలా గూడేలకు ఈ గతి పట్టింది. చుట్టూ కంచె, రాత్రి లెక్క పిలుపు, మురుగు నీళ్ళు, విరేచనాల జబ్బు. విరమణ ప్రకటన తరువాత మా తాత ఊరికి దిగివచ్చాడు. దొర మనిషి కబురు తెచ్చాడు: ఒక ఎకరం వదులు, ఇంకో ఎకరం నీకుంటుంది, కేసు ఉండదు. తాత ఒప్పుకున్నాడు. నేను చదువుకునే రోజుల్లో దీన్ని పిరికితనమనుకునేవాణ్ణి. ఇప్పుడు అనుకోను. ఆ ఎకరం అతనిది, కేసు అతని మీద, ప్రాణం అతనిది. తనది తాను వదులుకున్నాడు.

అతన్ని చివరిదాకా తొలిచింది వేరొకటి. క్యాంపు నుంచి గూడెంవాళ్ళు తిరిగి వెళ్ళేసరికి వాళ్ళ పోడు నేల వాళ్ళది కాదు, అడవిశాఖది. వాళ్ళకు భూమి పంపకంలో వాటా రాలేదు, విరమణలో మాట రాలేదు, ఎన్నికల్లో పేరు రాలేదు. 1952లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి దేశంలో అందరికంటె ఎక్కువ ఓట్లతో గెలిచినప్పుడు మా ఊళ్ళో డప్పులు కొట్టారట. తాత ఆ డప్పుల్లో లేడట. "మేం దిగినం కొండ. వాళ్ళు యాడికి దిగుతరు?" అనేవాడు. ఆ గూడేనికి మళ్ళీ వెళ్ళలేదు. సిగ్గని నాయనమ్మ చెప్పేది.

నాయకత్వం ఏమి చేయగలిగి ఉండేది? తుపాకుల మధ్య గూడెం గూడేనికీ తిరిగి అభిప్రాయ సేకరణ జరుపుతారా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1918లో బ్రెస్ట్-లిటోవ్‌స్క్ దగ్గర లెనిన్ లక్షలాది శ్రామికులున్న భూభాగాలను జర్మనీకి వదిలాడు. అక్కడి రైతును, కార్మికుణ్ణి అడిగి వదలలేదు. అడిగే వ్యవధి లేదు. విప్లవం మొత్తం పోతుందని అనుకున్నాడు, బుఖారిన్ వంటి సహచరుల కోపాన్ని భరించి సంతకం పెట్టించాడు. నేను దీన్ని తప్పనలేను. కాని ఆయన దాన్ని విజయమని చెప్పలేదు, ఎవరికీ పండుగ చేయమనలేదు. వదిలినవాళ్ళను వదిలామని బాహాటంగా ఒప్పుకున్నాడు, ఆ బాకీ తీరలేదని గుర్తుంచుకున్నాడు. అడగకుండా వదలవలసిన దుర్ఘట పరిస్థితి వస్తుంది. వచ్చినప్పుడు కనీసం ఆ బాకీని ఖాతాలో రాయాలి. 1951 అక్టోబరు ఖాతాలో కోయగూడేల పేరున ఒక పుట ఉండవలసింది. ఆ పుట నాకు కనబడలేదు.

1931 మార్చి 5 నాటి గాంధీ-ఇర్విన్ ఒడంబడికలో ఖాతా ఇంకా స్పష్టంగా కనబడుతుంది. శిస్తు కట్టనందుకు జప్తు అయిన భూములు ప్రభుత్వం చేతిలో ఉంటే తిరిగి ఇస్తారు. అప్పటికే మూడోవారికి అమ్మేసి ఉంటే ఇవ్వరు. హింసానేరాల ఖైదీలకు విడుదల లేదు. పద్ధెనిమిది రోజుల తరువాత భగత్ సింగ్‌నూ, అతని సహచరులనూ ఉరితీశారు. ఉప్పు చేసుకునే వెసులుబాటు కొంత దొరికింది, రౌండ్ టేబుల్‌కు దారి దొరికింది. ఉద్యమానికి దొరికింది నిజమే. కాని పొలం పోయినవాడు ఒకడు, బల్ల దగ్గర కుర్చీ దొరికినవాడు ఇంకొకడు.

దీన్నిబట్టి రాజీ అన్నదే అధర్మమని ఎవరైనా అనుకుంటే పొరబాటు. రాజీకి ఒప్పుకోనివాడి చరిత్ర కూడా మన దగ్గర ఉన్నది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం వద్దకు నిజాం అధికారులు మాట్లాడటానికి వచ్చారు, తిరగబడ్డ గూడేలకు పట్టాలు ఇస్తామన్నారు. భీం పట్టాలతో సరిపెట్టుకోలేదు, తమ నేల మీద తమ ఏలుబడి కావాలన్నాడు. కాల్పుల్లో చనిపోయాడు. బేరగాడి లెక్కలో ఇది మూర్ఖత్వం. కాని ఆ తరువాత నిజాం ప్రభుత్వం ఎందుకు కదిలింది? గోండుల స్థితిగతులను పరిశీలించటానికి హైమెండార్ఫ్‌ను ఎందుకు పిలిచింది? (ఈయనే మన గోదావరి కొండరెడ్ల మీద 1945లో పుస్తకం ప్రచురించారు.) గోండులకు పట్టాలు పంచటం, గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ తేవటం అన్నీ భీం చచ్చిన తరువాతివే. అలాగే శ్రీకాకుళ గిరిజన పోరాటం సాగుతుండగానే 1970 ఫిబ్రవరిలో 1/70 రెగ్యులేషన్ వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమిని గిరిజనుడిదిగానే భావించాలి, కాదనేవాడు రుజువు చేసుకోవాలి అన్నది ఆ చట్టం. ఇంతటి మాటను భారతదేశంలో ఏ బల్ల దగ్గరా ఎవరూ బేరమాడి సాధించలేదు. చచ్చినవాళ్ళు బేరమాడారు. వాళ్ళకు ఇంటికి పోవలసిన తొందర లేదు.

అయితే చచ్చినవాళ్ళ బేరానికి ఒక బలహీనత ఉన్నది. ఇచ్చిన చట్టాన్ని అమలు జరిపించటానికి వాళ్ళు లేరు. బతికి ఉన్న మనం ఉన్నాము. మనమంటే ఎవరమో చెబుతాను.

ఒక ఎకరంతో సంసారం గడవక మా నాయన 1988లో ఏజెన్సీ ఊరికి వలస వెళ్ళాడు. ఒక కోయ కుటుంబానికి కష్టకాలంలో అప్పు ఇచ్చి, వడ్డీ కింద మూడెకరాలు కౌలుగా తీసుకున్నాడు. కౌలు గడువు అయిపోయింది, అప్పు తీరిందో లేదో ఎవరూ లెక్క చూడలేదు. తెల్లకాగితం మీద ఒక వేలిముద్ర ఉన్నది. పత్తి పండింది, మిరప పండింది, నేను ఎం.ఏ. చదివాను. ఆ కుటుంబంలో పెద్దకొడుకు అదే చేనుకు కూలికి వచ్చేవాడు. చిన్నప్పుడు వాడూ నేనూ గోళీలాడాము. 1/70 ప్రకారం ఆ భూమి మాది కాదు. ఆ సంగతి మాకు ఎప్పుడూ తెలుసు. వర్గపోరాటాన్ని గురించి నేను రాసిన వ్యాసాలకు సిరా ఆ చేను నుంచి వచ్చింది.

మేమూ పేదవాళ్ళమే, నిజమే. దొర దగ్గర ఓడినవాళ్ళమే. అందుకనే ఈ విషయం ఒక కుటుంబం తప్పుగా కొట్టివేయటానికి వీలులేదు. మైదానంలో పోరాటం సగం గెలిచి ఆగిపోయింది, మిగిలిన సగం ఆకలి నది వెంట పైకి నడిచి అడవిలో చెల్లుబాటు చేసుకున్నది. 1951లో తెగని బేరాన్ని కోయవాడి చేను మీద తెంచుకున్నాము.

2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వానికీ, నక్సలైట్ పార్టీలకూ చర్చలు జరిగాయి. ఎస్.ఆర్. శంకరన్ వంటి నిష్కళంకుడు మధ్యవర్తుల్లో ఉన్నాడు. ఆయుధాలు పట్టుకుని తిరగవచ్చా కూడదా అన్న దగ్గర పీటముడి పడింది, జనవరికల్లా చర్చలు చెడిపోయాయి. భూమి ప్రశ్న కోనేరు రంగారావు కమిటీగా మిగిలింది. ఆ కమిటీ సిఫారసులను అమలు జరపమని సాగిన భూపోరాటంలోనే 2007 జూలై 28న మా ఖమ్మం జిల్లా ముదిగొండలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలి అయ్యారు. ఆ చర్చల బల్ల దగ్గర ప్రభుత్వం, పార్టీలు, మధ్యవర్తులు అని మూడు పక్షాలున్నాయి. పోడు రైతు పేరున కుర్చీ లేదు. ఆ రైతు తరఫున మాట్లాడినవారు ఉన్నారు, అది వేరు.

2014 ముచ్చట చెప్పి మా అమ్మాయి ప్రశ్న దగ్గరకు తిరిగి వస్తాను. తెలంగాణా రాష్ట్రం ఏర్పడింది ఒక మహోద్యమం ఫలితంగా. దానికి తుపాకులు లేకపోవచ్చు, బలిదానాలు ఉన్నాయి. ఆ ఏర్పాటులో పోలవరం ముంపు ప్రాంతాలు బేరంలోకి వచ్చాయి. మే నెలాఖరు ఆర్డినెన్సుతో, జూలైలో పార్లమెంటు ఆమోదించిన సవరణతో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, పట్టణం మినహా భద్రాచలం మండలం, బూర్గంపాడులో కొన్ని ఊళ్ళు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. రాముడు తెలంగాణాలో ఉన్నాడు, పురుషోత్తపట్నంలోని ఆయన మాన్యాలు ఆంధ్రలో ఉన్నాయి. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు లేచినప్పుడు కరకట్ట సంగతి మళ్ళీ పైకి వచ్చింది. పట్టణం చుట్టూ ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలను తిరిగి తెలంగాణాకు ఇవ్వాలని ఇటువైపు నాయకులు అడిగారు. లెక్కపెట్టండి. అయిదూళ్ళు! రెండు రాష్ట్రాలవారూ తమ తమ న్యాయాలు చెబుతారు. ఆ వరదలో మా విద్యార్థిని ఊరివాళ్ళు గుట్ట మీద టార్పాలిన్ల కింద ఉన్నారు. ఏ రాష్ట్రం బియ్యం ముందు వచ్చిందన్నది వాళ్ళకు గుర్తున్నది.

పాఠం అయిన పది రోజులకు నేను ఆమెను పిలిచి, నీ ప్రశ్నకు నవ్వటం తప్పమ్మా అని చెప్పాను. "పరీక్షలో వస్తదా సార్?" అని అడిగింది. రాదన్నాను. "అయితే పర్లేదు సార్" అని వెళ్ళిపోయింది.

ఆ వేసవిలో మా నాయనతో చేను మాట ఎత్తాను. ఇంట్లో రెండు రోజులు అన్నం సరిగా తినలేదు ఎవరమూ. "మీ తాత దొరకు ఒక ఎకరం వదిలితే మెచ్చుకుంటివి. నేను మూడూ వదలాల్నా? నీ ఉద్యోగం ఉన్నది, నాకేమున్నది?" అన్నాడు. దీనికి నా దగ్గర చదువుకున్న జవాబు ఏదీ లేదు. నా జీతంలో నుంచి అతనికి నెలకింత ఇస్తానన్నాను. కొడుకు దగ్గర చేయి చాపటం అతనికి చేను పోవటం కంటె పెద్ద నష్టమని తరువాత తెలిసింది. చివరికి పెట్టెలో నుంచి ఆ తెల్లకాగితం తీసి జేబులో పెట్టుకుని నడు అన్నాడు.

ఆ కుటుంబం ఇంటి ముందు మంచం వేశారు. నా గోళీల స్నేహితుడు గోడవారన నిలబడ్డాడు, కూర్చోలేదు. వాళ్ళ అమ్మ చేట పక్కన పెట్టి వచ్చింది. నాయన కాగితం చూపించకుండానే, ఎకరంన్నర ఇప్పుడు వదిలేస్తాను, మిగతాది నా తరువాత చూసుకోండి అన్నాడు. నేను అతని మాటకు అడ్డం వెళ్ళబోయాను. పెద్దామె నావైపు చేయి ఎత్తి ఆపింది. తరువాత నాయనను అడిగింది:

"నీళ్ళు పారే దిక్కా, పారని దిక్కా?"